కోతి, పోనీ, ఒక పెన్నీ

లండన్‌కు వెళ్ళిన కొత్తలో, ఊరి తూర్పు పక్కన ఒకాయన దగ్గర పాత కారు బేరం ఆడాను. నాకు ఇంగ్లీషు వచ్చునని అప్పటిదాకా గట్టి నమ్మకం. ధర ఎంత అని అడిగితే ఆయన బానెట్ మీద చెయ్యి వేసి, "మంకీ" అన్నాడు.

వెనక సీటులోకి తొంగి చూశాను. ఏమీ కనిపించలేదు.

"ఏమండీ, కోతిని కూడా అంటగట్టేలా ఉన్నాడు. ముందే వద్దని చెప్పండి" అంది మా ఆవిడ. మా ఇంట్లో జంతువులను ఉంచకూడదని, కోతి లేకుండా కారు ఒక్కటే ఎంతకిస్తారో చెప్పమని మర్యాదగా అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఇదేదో కొత్తరకం బేరం అనుకున్నట్టున్నాడు. గడ్డం గోక్కుని, నిట్టూర్చి, "పోనీ" అన్నాడు.

ఆహా! బేరం తెగే ముందు మన సంతల్లో వర్తకుడు అనే మాట! సంతోషం పట్టలేక మా ఆవిడ వైపు తిరిగి, "పోనీ, తీసుకుందామా?" అన్నాను. ఆయన మొహం కాస్త వాడింది. "పోనీ, టైర్లు కొత్తవేగా" అని నేనే మళ్ళీ అన్నాను. ఇంకాస్త వాడింది. "పోనీలెండి" అంది మా ఆవిడ. ఆయన రెండు చేతులూ పైకెత్తి, కాగితం మీద నాలుగు వందల పౌండ్లని రాసిచ్చాడు.

అసలు సంగతి ఆయన కూతురు చెప్పింది. అక్కడి వాడుకలో మంకీ అంటే 500 పౌండ్లు, పోనీ అంటే 25. మేము నాలుగు పోనీలు కోసేశామన్నమాట. ఈ మాటలు మన దేశం నుంచే వెళ్ళాయని, ఒకప్పటి ఐదువందల రూపాయల నోటు మీద కోతి బొమ్మ ఉండేదని అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. ఆ నోటును చూపించినవాళ్ళు మాత్రం లేరు. నేను చదువుకున్న ఇంగ్లీషుకూ ఆయన ఇంగ్లీషుకూ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. వాళ్ళయితే సుద్దముక్కకూ జున్నుకూ ఉన్నంత అంటారు.

కాగితాల మీద సంతకాలయ్యాక ఆయన లేచి, ఒక పెన్నీ ఖర్చు పెట్టి వస్తానన్నాడు. వంద పౌండ్లు పోగొట్టుకున్న మనిషి చేత ఇంకో పెన్నీ ఖర్చు పెట్టించడం నాకు న్యాయంగా తోచలేదు. "ఉండండి, అది నేనిస్తాను" అని జేబులోంచి తీసి చేతిలో పెట్టాను. నాణెం వేస్తే గాని తలుపు తెరుచుకోని మరుగుదొడ్లు ఒకప్పుడు అక్కడ ఉండేవని, మాట అప్పటిదని నాకేం తెలుసు?

ఆయన నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో వేసుకుని, గబగబా లోపలికి వెళ్ళాడు.