మనిషిని చంపితే పాయింట్లు రాని గేమ్

మీది కర్నూలో కడపో అయితే ఇది మీకూ జరిగే ఉంటుంది. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో కొత్త ఆఫీసులో చేరి ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడు ఒక రకంగా నవ్వుతాడు. "అయితే బాంబులు మీ ఇంట్లోనే చుడతారా?" అంటాడు. జోకు అనుకుంటాడు పాపం. ఇదంతా సినిమావాళ్ల పుణ్యం. కొండారెడ్డి బురుజు కనబడితే చాలు, దాని ముందు నాలుగు సుమోలు ఆపి ఇరవై మంది చేతుల్లో కత్తులు పెట్టకపోతే వాళ్లకి నిద్రపట్టదు. ఆ బురుజు చుట్టూ పొద్దస్తమానం ఆటోలు, పళ్ల బండ్లు, సెల్ఫీలు దిగే కాలేజీ పిల్లలు తప్ప ఇంకేమీ ఉండవని చెబితే నమ్మేవాడు లేడు.

గేములాడే బ్యాచ్‌లోనూ ఇదే గోల. "నువ్వు కర్నూలోడివి కదరా, నరుకుడు గేములు నీకు బాగా సెట్ అవుతాయి" అని ఒకడు. నాకు సెట్ అయ్యింది ఇంకొకటి. షాడోరన్: డ్రాగన్‌ఫాల్. ఇందులో మనిషిని చంపితే ఒక్క పాయింటు కూడా రాదు. ఈ పోస్టు మొత్తం ఆ ఒక్క విషయం గురించే, ఓపిక లేనివాళ్లు ఇక్కడే స్క్రోల్ చేసుకుని వెళ్లిపోవచ్చు.

ఈ గేమ్ పేరే విననివాళ్ల కోసం కొంచెం చరిత్ర. షాడోరన్‌ను 1989లో ఫాసా అనే అమెరికా కంపెనీ తెచ్చింది. అప్పుడది కంప్యూటర్ గేమ్ కాదు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని కాగితం, పెన్సిల్, డైస్ పెట్టుకుని కథ చెప్పుకుంటూ ఆడే ఆట. దాన్ని పుట్టించినవాళ్లలో ఒకరైన జోర్డాన్ వైజ్‌మన్ 2012లో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో జనాన్నే చందా అడిగాడు. అడిగింది 4 లక్షల డాలర్లు, వచ్చింది 18 లక్షల పైమాటే. ఆ డబ్బుతో హేర్‌బ్రెయిన్డ్ స్కీమ్స్ అనే చిన్న స్టూడియో 2013లో షాడోరన్ రిటర్న్స్ తీసింది. మరుసటి ఏడాది డ్రాగన్‌ఫాల్, 2015లో హాంకాంగ్ వచ్చాయి. రిటర్న్స్ పర్వాలేదు, హాంకాంగ్ బాగుంటుంది, డ్రాగన్‌ఫాల్ మాత్రం వేరే లెవెల్.

కథ నడిచే లోకం మనకి అంత కొత్తగా అనిపించదు. భూమ్మీదికి మంత్రాలు తిరిగొచ్చాయి. మామూలు మనుషుల కడుపున సూది చెవుల ఎల్ఫులు, మరుగుజ్జులు పుడతారు, కొంతమంది పెద్దయ్యాక కోరలున్న ఓర్కులుగా, భారీ ఆకారం ఉన్న ట్రోల్‌లుగా మారిపోతారు. ప్రభుత్వాలు పేరుకే ఉంటాయి, రాజ్యమంతా కంపెనీలది. అన్నిటికంటే పెద్ద కంపెనీ సేడర్-క్రుప్‌కి అధిపతి ఎవరనుకున్నారు? లాఫ్‌విర్ అనే డ్రాగన్. నిజం డ్రాగనే, రెక్కలూ నిప్పూ ఉన్నది. ఆ కంపెనీలు చేయించుకునే చీకటి పనులు చేసి బతికేవాళ్లే షాడోరన్నర్లు. దొంగతనం, డేటా లాగడం, ఒక కంపెనీ సైంటిస్టుని ఇంకో కంపెనీకి చేర్చడం. మనం ఆ బాపతు అన్నమాట.

ఇక అసలు సంగతి. మామూలు రోల్ ప్లేయింగ్ గేముల్లో, అంటే మనమే ఒక పాత్రై ఆడేవాటిలో, ఎలుకను చంపితే ఐదు పాయింట్లు, సైనికుణ్ణి చంపితే యాభై. కాపలావాడితో మంచిగా మాట్లాడి తలుపు తెరిపించుకుని, లోపల పని పూర్తి చేసుకుని, పోయేటప్పుడు పాయింట్లు ఎందుకు వదులుకోవాలని అదే కాపలావాణ్ణి నరికి వెళ్లినవాళ్లు చేతులెత్తండి. అందరూ ఎత్తుతారు. గేమ్ పైకి నీతులు చెబుతూ కింద లెక్కల్లో మాత్రం శవాలకే జీతం ఇస్తుంది. డ్రాగన్‌ఫాల్‌లో ఆ లెక్కే లేదు. ఒప్పుకున్న పని పూర్తి చేస్తే కర్మ పాయింట్లు వస్తాయి, వాటితోనే మన పాత్ర ఎదుగుతుంది. ఆ పని పది శవాల మీదుగా చేశావా, ఒక్క మాటతో చేశావా అని అడగదు. పది మందిని కాల్చినందుకు మిగిలేది తగ్గిపోయిన మందుల కిట్లు, అంతే.

దీంతో ఆడేవాడి బుర్ర ఎలా మారిపోతుందో ఆడితే గానీ తెలియదు. గదిలో నలుగురు గార్డులు కనిపిస్తే "ఎవరిని ముందు కొట్టాలి" అనేది పోయి "వీళ్లలో మాట వినేవాడు ఎవడు" అనే ఆలోచన వస్తుంది.

మాట కోసం గేములో ఒక ఏర్పాటు ఉంది. కరిష్మా, అంటే ఎదుటివాణ్ణి ఆకట్టుకునే గుణం, పెంచుకుంటూ పోతే ఎటికెట్లు అని వస్తాయి. కార్పొరేట్ ఎటికెట్ తీసుకుంటే కంపెనీ మేనేజర్‌తో వాడి భాషలో మాట్లాడొచ్చు. సెక్యూరిటీది ఉంటే గార్డు నిన్ను తనలో ఒకడనుకుంటాడు. గ్యాంగులకి, వీధివాళ్లకి, చదువుకున్నవాళ్లకి, పెద్దింటివాళ్లకి ఒక్కోటి. అన్నీ ఒకేసారి దొరకవు, ఎంచుకోవాలి. ఇది చూడగానే నాకు మా పెద్దనాన్న గుర్తొచ్చాడు. మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ బస్తాల మధ్య దళారితో మాట్లాడే పెద్దనాన్న వేరు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా ముందు నిలబడే పెద్దనాన్న వేరు, ఊళ్లో గట్టు తగాదా వస్తే అరుగు మీద కూర్చుని ఇద్దరినీ చెరో మాట అని నవ్వించే పెద్దనాన్న వేరు. ముగ్గురి గొంతూ వేరు, కూర్చునే తీరు కూడా వేరు. మా ఇళ్లల్లో తగాదాలు ఎక్కువ శాతం అలా తీరినవే. కానీ అరుగు మీద తీరిన తగాదా ఎవడు సినిమా తీస్తాడు?

మా బామ్మర్దికి ఈ గేమ్ అస్సలు నచ్చదు. వాడు మొబైల్‌లో బీజీఎంఐ అనే కాల్చుకునే గేమ్ తప్ప ఇంకోటి ముట్టడు. నా వెనక నిలబడి కాసేపు చూసి, "ఇదేంది బావా, వాళ్లు కాలుస్తుంటే నువ్వు చేతులు కట్టుకుని కూర్చున్నావ్?" అన్నాడు. టర్న్ బేస్డ్ అంటే వాడికి అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు. మన వంతు వచ్చినప్పుడు ఒక్కొక్కరికీ రెండు మూడు పనులు చేసే అవకాశం ఉంటుంది. గోడ చాటుకి పరిగెత్తాలా, కాల్చాలా, తూటాలు నింపుకోవాలా, పడిపోయినవాణ్ణి లేపాలా. అది అయ్యాక అవతలివాళ్ల వంతు. తుపాకీ గురిపెడితే తగిలే అవకాశం ఎంత శాతమో స్క్రీన్ మీదే చూపిస్తుంది. 90 పైన చూపించి కూడా గురి తప్పుతుంది చూడండి, అప్పుడు వచ్చే కోపానికి మందు లేదు.

నాకు నచ్చేది మాత్రం ఈ నిదానమే. కాల్చే ముందు ప్రతిసారీ ఆలోచించాలి. వేలు జారి ఎవడూ చావడు, నువ్వు నిర్ణయించుకుంటేనే చస్తాడు. పైగా మన ఇళ్లకి సరిగ్గా సరిపోయే పద్ధతి. అమ్మ పిలిస్తే లేచి వెళ్లొచ్చు, గ్యాస్ సిలిండర్ వాడు వస్తే తలుపు తీయొచ్చు, ఆ తుపాకీలన్నీ మనం వచ్చేదాకా అలాగే ఎత్తి పట్టుకుని ఉంటాయి. ఒక్క తిప్పలు ఉండేది. రిటర్న్స్ మొదట వచ్చినప్పుడు మనకి కావాల్సిన చోట సేవ్ చేసుకునే వీలు లేదు, సీను మారితేనే సేవ్. మే నెల మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో, బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌తో అది ఆడటమంటే టెన్షనే. డ్రాగన్‌ఫాల్‌తో ఎక్కడైనా సేవ్ చేసుకునే వీలు వచ్చింది, బతికించారు.

చావుకి ఈ గేమ్ ఇచ్చే బరువు గురించి చెప్పాలి. మొదటి మిషన్‌లోనే మన బృందం నాయకురాలు మోనికా చనిపోతుంది. (స్పాయిలర్ అని తిట్టకండి, కథ మొదలయ్యేదే అక్కడ.) చాలా గేముల్లో అయితే ఐదు నిమిషాల్లో మర్చిపోతారు. ఇక్కడ మర్చిపోనివ్వరు. ఆమె బదులు మనం పగ్గాలు పట్టుకోవడం బృందంలోని ఐగర్‌కి నచ్చదు. ఐగర్ ఒకప్పటి సైనికురాలు, ట్రోల్, నోట్లోంచి వచ్చే ప్రతి మాటా గుచ్చుకునేదే. బృందంలోనే ఉన్న గ్లోరీ శరీరంలో చాలా భాగం ఇనుమే. ఎందుకలా చేసుకుందో ఆమె నోటితో చెప్పించాలంటే గేమంతా ఓపిగ్గా పక్కన కూర్చోవాలి. ఈ లోకంలో మనిషికి ఎసెన్స్ అనే కొలత 6 ఉంటుంది, ఒంట్లో యంత్రం బిగించుకున్నప్పుడల్లా అది కొంత పోతుంది, దాంతోపాటు మంత్రశక్తీ దెబ్బతింటుంది. మామూలుగా ఇదొక అంకెల లెక్క. గ్లోరీ దగ్గరికొచ్చేసరికి అదే లెక్క ఒక మనిషి కథ అయ్యింది. ఇలాంటి రాత ఈ మధ్య వచ్చిన కోట్ల రూపాయల గేముల్లో కూడా నాకు కనబడలేదు.

మిషన్ అయిపోయిన ప్రతిసారీ క్రోయిజ్‌బజార్‌కి తిరిగొస్తాం. బెర్లిన్‌లో చిన్న పేట అది. కాఫీ కొట్టు నడిపే ఆల్తుగ్ ఉంటాడు, ఒంట్లోకి యంత్రాలు ఎక్కించే డాక్టర్ ఎజ్కిబెల్ ఉంటాడు. ఎవరి కష్టం వాళ్లది. పోయినసారి చెప్పిన ముచ్చటకి కొనసాగింపు ఈసారి చెబుతారు. నేను ఒక్కరిని కూడా వదలకుండా అందర్నీ పలకరించి గానీ తర్వాతి పనికి వెళ్లను. ఇలా చేయకపోయినా గేమ్ నడుస్తుంది. చేయనివాళ్లు మళ్లీ మొదటినుంచి ఆడండి, అంతకంటే ఏం చెప్పను.

హాంకాంగ్ గేములో ఒక మిషన్ గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒక కంపెనీ ఆఫీసులోకి చొరబడి అక్కడి ఫెంగ్‌షుయ్, అంటే చైనావాళ్ల వాస్తు, చెడగొట్టి రావాలి. అంతే పని! లక్షణంగా ఉన్న అదృష్టాన్ని దారి తప్పించి బయటపడాలి. ఈశాన్యంలో బోరు లేదని కట్టిన ఇంటి గోడ కొట్టించి గేటు జరిపిన మనవాళ్లకి ఈ మిషన్ ఎవరూ వివరించక్కర్లేదు. బామ్మర్ది కూడా ఇదొక్కటి పక్కన కూర్చుని చివరిదాకా చూశాడు. అదే గేములో గాబెట్ అనే ఓర్కు అమ్మాయి ఉంటుంది, ఎలుకను కొలిచే షామన్, అంటే మంత్రగత్తె. ఎలుకకి పూజేందని వాడు నవ్వబోతే, వినాయకుడి బండి ఏందిరా అని అడిగాను. నోరు మూసుకున్నాడు.

హాంకాంగ్ చివర్లో ఎదురయ్యే రాక్షసితో కూడా మాటలతోనే తేల్చుకునే దారి ఉంది. కాకపోతే ఆట మొత్తంలో ఎవరేం చెప్పారో శ్రద్ధగా విన్నవాళ్లకే అది దొరుకుతుంది. వినడానికి బహుమతి ఇచ్చే గేమ్ ఇంకోటి ఉంటే నాకు చెప్పండి, ఈ రాత్రికే కొంటాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మాటతో అన్ని చోట్లా బయటపడలేం. కొన్నిచోట్ల గేమే తలుపులు మూసి యుద్ధం నెత్తిన పెడుతుంది. అంతసేపు నోటితో గెలిచినవాడికి అక్కడ ఒళ్లు మండుతుంది. కంప్యూటర్ నెట్‌వర్క్‌లోకి దూరే మ్యాట్రిక్స్ భాగం మూడు గేముల్లోనూ నాకు బోరే. హాంకాంగ్‌లో దాన్ని బాగుచేస్తామని ఇంకా చెడగొట్టారు. నిదానంగా ఆడే గేములో, కాపలా ప్రోగ్రాముల కంట పడకుండా నిజ సమయంలో పరిగెత్తమంటాడు. మాటలు తెలుగులో లేవు, గొంతులు లేవు, ఇంగ్లీష్‌లో చదువుకోవాల్సిందే. మా వీధిలో ఈ కథ విని చెవి కోసుకునే పిల్లలు పది మంది ఉన్నారు, చదవగలిగేవాళ్లు ఇద్దరు. ఆ మిగతా ఎనిమిది మంది గురించి ఏ గేమ్ కంపెనీకీ పట్టదు.

ఇంకో సంగతి ఈ గేమ్ అభిమానులకి కూడా అంతగా గుర్తుండదు. 2007లో ఇదే లోకాన్ని తీసుకుని మైక్రోసాఫ్ట్ ఒక షూటర్ గేమ్ దింపింది. కథ లేదు, పేటలూ మనుషులూ లేరు. రెండు జట్లు ఆన్‌లైన్‌లో ఒకదాన్నొకటి కాల్చుకోవడమే. తీసిన ఫాసా స్టూడియో ఆ ఏడాదే మూతపడింది. షాడోరన్ అంటే తుపాకులని అనుకున్నవాళ్లకి అందులో తుపాకులే కనిపించాయి. కర్నూలంటే కత్తులని అనుకునే మన దర్శకులకి ఈ ముక్క ఎవరైనా పంపండి.

రేపు ఎవరైనా కుర్రాళ్లు మన ఊరి మీద గేమ్ తీయాలనుకుంటే, నా మనసులో మొదటి మిషన్ రెడీగా ఉంది. సుంకేసుల బ్యారేజీ నుంచి కేసీ కాలువలోకి నీళ్లు వదిలారు, చివరి తూము దాకా రావడం లేదు, వరి ఎండుతోంది. పై ఊరి రైతు, కాలువ నీళ్లు చూసుకునే లస్కరు, ఇరిగేషన్ ఇంజనీరు, వడ్డీకిచ్చినవాడు, నలుగురితో నాలుగు రకాలుగా మాట్లాడాలి. ఎవరిని కొట్టినా ఒక్క పాయింటు రాదు. నీళ్లు పొలంలో పారితేనే వస్తుంది. కోడింగ్ వచ్చినవాళ్లు ఇన్‌బాక్స్‌లోకి రండి, మాటలు నేను రాసిస్తా.