సవరణ: హార్న్ డ్రైవర్‌కు 10 కాదు, 68 మైక్రోఫారడ్‌లు

ఒంగోలు ఇంటి హార్న్ స్పీకర్ సిస్టమ్ మీద వచ్చిన పోస్టులో కంప్రెషన్ డ్రైవర్ (హార్న్ వెనక ఉండి పై స్వరాలు పలికించే భాగం) రక్షణకు 10 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ అని పడింది. 68 అని చదువుకోండి. 8 ఓమ్‌ల డ్రైవర్‌కు 10 వేస్తే కోత 2000 హెర్ట్‌జ్ దగ్గరే పడుతుంది, అంటే అంతకంటే కింది ధ్వని తగ్గిపోతూ వస్తుంది. మన యాక్టివ్ క్రాసోవర్ (ఆంప్‌కు ముందే ధ్వనిని వూఫర్‌కు, డ్రైవర్‌కు విడదీసేది) 1200 దగ్గర ఉంది కాబట్టి ఆ మధ్య భాగం బలహీనపడి గొంతులు పలచబడతాయి. ఇప్పటికే 10 వేసినవాళ్లు డ్రైవర్‌ను అనుమానించకండి. 68 వేస్తే కోత 290కి దిగుతుంది, డ్రైవర్‌ను కాల్చేసే డీసీ కరెంటును ఆపడం మాత్రం మానదు. ఫిల్మ్ రకం కెపాసిటరే తీసుకోండి, 100 వోల్టులకు తగ్గకూడదు.

ఒకే పవర్‌కు వూఫర్ (బేస్ స్పీకర్) 96, డ్రైవర్ 110 డెసిబెల్స్ ఇస్తాయి కనుక డ్రైవర్‌లో తగ్గించాల్సింది 14. అందుకు సిరీస్‌లో 6.4 ఓమ్‌ల రెసిస్టర్, డ్రైవర్‌కు సమాంతరంగా 2 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, కెపాసిటర్‌ను వాటికి ముందు, ఆంప్ వైపు ఉంచండి.

ఆ పోస్టులో చెప్పిన చీమకుర్తి గ్రానైట్ పలక సంగతిలో మార్పు లేదు. పలక కింద రబ్బరు మెత్తలు మాత్రం తప్పనిసరి.