హెల్మెట్ బండితోపాటే అందాలి

నిలబడి నడిపే ఎలక్ట్రిక్ స్కూటర్‌ను చాలామంది ఇంకా ఆటవస్తువుగానే చూస్తున్నారు. ఫోన్‌తో తాళం తీసి, నాలుగు వీధులు దాటి, ఓ మూలన నిలిపి వెళ్లిపోయే బండికి హెల్మెట్ ఎందుకన్నది వారి ప్రశ్న. అత్యవసర విభాగాల్లో పనిచేసే వైద్యులకు ఆ సందేహం లేదు. దక్షిణ కాలిఫోర్నియాలోని రెండు ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు 2017 సెప్టెంబరు నుంచి ఏడాది కాలంలో ఈ స్కూటర్ల వల్ల గాయపడి వచ్చిన 249 మంది వివరాలను పరిశోధకులు పరిశీలించగా, వారిలో 40 శాతం మందికి తలకు గాయమైనట్టు తేలింది. బండి నడుపుతూ గాయపడినవారిలో హెల్మెట్ పెట్టుకున్నట్టు నమోదైనది పది మందికే. 2018లో ఆస్టిన్ నగరంలో ప్రజారోగ్య అధికారులు పరిశీలించిన 190 మంది క్షతగాత్రుల్లో హెల్మెట్ ఉన్నది ఒక్కరికి. దాదాపు సగం మందికి తలకు దెబ్బ తగిలింది.

వేగం తక్కువన్న ధీమాలో పస లేదు. గంటకు 25 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు ఏడు మీటర్లు. సుమారు రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి జారిపడిన మనిషి నేలను తాకేదీ అంతే వేగంతో. సైకిల్ చక్రం సునాయాసంగా దాటిపోయే గుంతలో ఈ స్కూటర్ చిన్న చక్రం దిగబడి ఆగిపోతుంది, కానీ నిలబడి ఉన్న మనిషి బరువంతా పైనే ఉంటుంది గనుక శరీరం ఆగక హ్యాండిల్ మీదుగా ముందుకు పడుతుంది, చేతులు అడ్డుపెట్టుకునే వ్యవధి కూడా చాలాసార్లు దొరకదు. ఆ క్షణంలో హెల్మెట్ లోపలి ఫోమ్ పొర తాను నలిగి, దెబ్బ తీవ్రతను పుర్రెకు చేరకముందే తగ్గిస్తుంది. సైకిల్ హెల్మెట్లపై వచ్చిన అధ్యయనాలను క్రోడీకరించిన 2017 నాటి సమీక్ష, తలకు గాయమయ్యే అవకాశం వాటివల్ల దాదాపు సగానికి, తీవ్ర గాయాల అవకాశం అంతకన్నా ఎక్కువగా తగ్గుతుందని లెక్కగట్టింది. దవడకు, పళ్లకు ఈ రకం హెల్మెట్ ఇచ్చే రక్షణ పరిమితమే. మెదడుకు ఇచ్చే రక్షణను తోసిపుచ్చడానికి అది కారణం కాజాలదు.

మరి చట్టం చేస్తే చాలునా? చాలదు. పైన చెప్పిన 249 మంది గాయపడిన కాలంలో కాలిఫోర్నియాలో హెల్మెట్ అందరికీ తప్పనిసరే. పెట్టుకున్నవారు మాత్రం బహు కొద్దిమందే. ఆ వైఫల్యాన్ని సరిదిద్దే బదులు, అక్కడి ప్రభుత్వం 2019 జనవరి నుంచి పద్దెనిమిదేళ్లు నిండినవారికి ఆ నిబంధననే ఎత్తివేసింది. ఇది పొరపాటు నిర్ణయమని మేము భావిస్తున్నాము. ఇటలీ 2024 డిసెంబరులో అన్ని వయసులవారికీ హెల్మెట్‌ను తప్పనిసరి చేసి సరైన దారి పట్టింది. అయితే హెల్మెట్ చేతికి అందనప్పుడు అక్కడి నిబంధనకూ కాలిఫోర్నియా నిబంధనకు పట్టిన గతే పడుతుంది.

అద్దె స్కూటర్ ఎక్కేవారిలో చాలామంది ముందుగా అనుకుని ఇంటి నుంచి బయలుదేరినవారు కారు; దారిలో బండి కనిపిస్తే ఎక్కుతారు. అలాంటివారిని హెల్మెట్ ఏదని దండించడం కన్నా, బండికే హెల్మెట్ తగిలించి, అది తీసుకున్నాకే తాళం తెరుచుకునేలా చేయడం న్యాయం. ఆస్ట్రేలియాలో కొన్ని నగరాల్లో అద్దె బండ్లకు హెల్మెట్లు తగిలించి ఉంచుతున్నారు. ఇతరులు వాడినది పెట్టుకోవడానికి కొందరు సంకోచిస్తారన్నది నిజమే, హెల్మెట్లు పోతాయన్నదీ నిజమే. అయినా వాటిని శుభ్రపరచడం, పోయినవాటి స్థానంలో కొత్తవి ఉంచడం, దెబ్బతిన్న ప్రతిదాన్నీ పక్కన పడేయడం ఈ వ్యాపారంలో భాగమైన ఖర్చు. ఆ ఖర్చు భరించలేని సంస్థకు నగరపాలక సంస్థలు అనుమతి ఇవ్వకూడదు. ఆస్టిన్‌లో అధికారులు మాట్లాడిన క్షతగాత్రుల్లో మూడింట ఒక వంతు మంది ఆ బండిని తొలిసారి ఎక్కినవారు కనుక, మొదటి ప్రయాణాలకు వేగ పరిమితిని తగ్గించే ఏర్పాటు కూడా అనుమతి షరతుల్లో ఉండాలి.

ఆసుపత్రులు చేయవలసిందీ ఒకటుంది. గాయపడి వచ్చినవారు నడిపిన బండి ఏదో, హెల్మెట్ ఉందో లేదో చీటీలో విడిగా రాయించాలి. స్కూటర్ ప్రమాదాన్ని సైకిల్ పద్దులోనో, ఉత్త పడిపోవడం కిందనో వేసేసినంత కాలం, అనుమతులిచ్చే అధికారుల బల్ల మీదికి అసలు సంఖ్య చేరదు.