పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబేది?

మొన్న మన సంఘం వార్షికోత్సవంలో పిల్లల వక్తృత్వ పోటీ చూసినవాళ్లకు నేను దేని గురించి రాస్తున్నానో ఈపాటికే అర్థమై ఉంటుంది. అంశం "ప్రజాస్వామ్యంలో మంచి పౌరులు". అందరూ బాగానే అప్పజెప్పారు: నిజం చెప్పాలి, పెద్దల్ని గౌరవించాలి, ఓటు వేయాలి. ఆఖర్న వచ్చిన పాపకు పన్నెండేళ్లుంటాయేమో, కంఠతా పట్టినదంతా చెప్పేసి, కాగితం మడిచి, "మరి మన సంఘం అధ్యక్షుణ్ణి ఎవరు ఎన్నుకున్నారు?" అంది. వెటకారం ఏమీ లేదు, నిజంగా తెలియకే అడిగింది. హాలంతా గొల్లుమంది. యాంకర్ మైకు లాక్కుని, "చిచ్చరపిడుగండీ!" అని చప్పట్లు కొట్టించి, తర్వాతి డాన్సుకి వెళ్లిపోయాడు. ఆ పిల్ల మాత్రం జవాబు వస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడింది. జవాబు మనకు తెలుసు కదా, ఏకగ్రీవం. అంటే ఎవరింట్లోనో కూర్చుని అర్ధరాత్రి దాకా ఫోన్లు.

పోటీ పెట్టినవాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. కానీ నవ్వి తోసేయడం కసురుకోవడం కంటే అన్యాయం అనిపించింది నాకు. కసిరితే కనీసం ప్రశ్న అడిగినట్టు ఒప్పుకున్నట్టే.

పిల్లలకు నీతి ఎలా నేర్పాలన్న పేచీ పాతదే. ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ ఒక స్నేహితుడికి కొడుకు పెంపకం గురించి రాసిన ఉత్తరాలే 1693లో పుస్తకమయ్యాయి. పిల్లలకు మాటలతో పాటే మంచిచెడ్డల కారణాలూ అర్థమవుతాయి, కాబట్టి వాళ్ల వయసుకు అందేలా చెప్పి నడిపించాలంటాడు. సూత్రాలు వల్లెవేయిస్తే నిలవవు, చేయించి అలవాటు చేయాలనీ అంటాడు. ఫ్రెంచిలో రాసిన తత్వవేత్త రూసో, 1762లో పిల్లల పెంపకం మీద రాసిన 'ఎమీల్' పుస్తకంలో దీన్ని ఎద్దేవా చేశాడు: పసివాళ్లతో తర్కానికి దిగితే వాదించడం వస్తుందే తప్ప బుద్ధి రాదట. (కన్నబిడ్డల్ని అనాథాశ్రమానికి పంపినవాడా మనకు చెప్పేది అంటారా, అనండి, నేను అడ్డురాను.) రూసో మాటలో నిజం లేకపోలేదు. ప్రతిదానికీ "ఎందుకు" అని ఎదురుతిరిగి, ఏ కారణం చెప్పినా వినని పిల్లలూ మన ఇళ్లలో ఉన్నారు, వాళ్లతో వేగలేక బీపీ పెంచుకున్న తల్లిదండ్రులూ ఉన్నారు.

అయినా నాకు ఫ్రెంచి రాజనీతి రచయిత మాంటెస్క్యూ దగ్గర మనసు ఆగిపోతుంది. 1748లో ఆయన రాసిందేమిటంటే, రాజ్యం భయంతో నడిస్తే చదువు పెద్దగా అక్కర్లేదు, ప్రజలే పాలించుకునే చోటే చదువుకు ఉన్న బలమంతా కావాలి, ఎందుకంటే సొంత లాభం కంటే అందరి మేలు ముందు పెట్టుకోవడం ఎవరికీ పుట్టుకతో రాదు. అది పిల్లలకు రావాలంటే ముందు తండ్రులకు ఉండాలి అని కూడా అన్నాడు. ఆ వాక్యం చదివాక ఎవరింట్లోనో తేల్చేసిన మన ఏకగ్రీవాలు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి?

ఫ్రెంచి విప్లవకాలపు మేధావి కాండోర్సే ఇంకో అడుగు ముందుకేశాడు. 1792లో ఫ్రెంచి శాసనసభకు ఇచ్చిన విద్యా నివేదికలో, రాజ్యాంగాన్ని సైతం ఆకాశం నుంచి ఊడిపడ్డ ఫలకాల్లా పూజించమని ఎవరికీ నేర్పొద్దన్నాడు. అప్పుడే పుట్టిన రాజ్యాంగం గురించే అంత ధైర్యంగా అన్నప్పుడు, మన బైలాస్, అంటే సంఘం నియమాలు, ఒక పిల్ల ప్రశ్నకు తట్టుకోలేవా?

కార్యవర్గానికి నా విన్నపం ఇదే. వక్తృత్వ పోటీ ఉంచండి, కంఠస్థం కూడా ఉండనివ్వండి, భాష నిలిచేది దానివల్లే. దానికి తోడు ప్రతి పిల్లకూ ఐదు నిమిషాలు ఎదురు ప్రశ్నలు అడిగే వీలివ్వండి, జవాబు పెద్దలు చెప్పాలి. సర్వసభ్య సమావేశానికి పన్నెండేళ్లు దాటినవాళ్లను రానివ్వండి, ఓటు లేకపోయినా ఖర్చుల లెక్కలు చూసి అడగనివ్వండి. ఆ పాపకు మాత్రం సమావేశం దాకా ఆగకుండా, ఈ పత్రిక వచ్చే సంచికలోనే అధ్యక్షులవారు జవాబు రాయాలి.