ఐదో వంతు

నెల్లూరు, మూలాపేట. మధ్యాహ్నం మూడు గంటలు. పద్మ మిషన్ మీద జాకెట్టు చేతులు కుడుతోంది. శీనయ్య వీపున ఏదో ఎత్తుకుని గుమ్మంలో ఇరుక్కున్నాడు.

పద్మ: ఏందండీ అది? బీరువానా?

శీనయ్య: బ్యాగు! 75 లీటర్లది. డార్జిలింగ్ వైపు సందక్‌ఫూ కొండ ఉందిగా, ఆ నడకకి. సగం ధరకే ఇచ్చాడు.

పద్మ: లీటర్లేంది, పాలు పోస్తారా? సరే, ఇందులో పెట్టే సామానేది?

శీనయ్య: ఇంకా కొనలేదు.

పద్మ: ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఒళ్లు కొలవకుండా జాకెట్టు కుట్టినట్టుంది. సామాను చూసుకుని కదా బ్యాగు కొనేది! ఖాళీ ఉంటే మీ చేయి ఊరుకుంటుందా? సరే, రాత్రిళ్లు పడక ఎక్కడ?

శీనయ్య: దోవ పొడుగునా లాడ్జీలున్నాయి. రజాయిలు వాళ్లే ఇస్తారు.

పద్మ: మరి ఆ చంకలో టెంటు?

శీనయ్య: అది... బ్యాగు పక్కనే పెట్టి ఉండింది.

(పద్మ కళ్లజోడు పెట్టుకుని బ్యాగును లోపలి వైపుకు తిరగేసింది. ఇరవై ఏళ్లుగా కుట్టుపని చేస్తున్న మనిషి. దుకాణంవాడి మాట వినదు, దారం మాట వింటుంది.)

పద్మ: ఇదిగో, భుజం పట్టీ అతికిన చోట ఒక్క వరస కుట్టే. బరువంతా లాగేది ఇక్కడే, నాలుగు సార్లు తిప్పి కుట్టాల్సింది. నడుం పట్టీలో స్పాంజి లేదు, ఉత్త నవారు. సగం ధర కాదు స్వామీ, సగం బ్యాగు.

శీనయ్య: నడుం పట్టీ అందానికి కాదా?

పద్మ: బిందెడు నీళ్లు ఆడవాళ్లు ఎక్కడ పెట్టుకుని మోస్తారో ఏనాడన్నా చూశారా? తుంటి మీద. భుజం మీద కాదు.

(ఇంట్లో ఉన్న బట్టలూ సామానూ బ్యాగులో కుక్కి, శీనయ్య బరువు మిషన్ ఎక్కాడు. ఉత్త మనిషి 65. బ్యాగుతో 84.)

శీనయ్య: ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదంటారు. అంటే 13 కిలోలు.

పద్మ: దించండి. జీన్స్ రెండా? తడిస్తే మీరు తిరిగొచ్చినా ఆరవు. కాటన్ బనీన్లు నాలుగా? చెమట పీల్చుకుని ఒంటికి అంటుకుంటాయి, ఆ చలిలో వణుకుతారు. పాలిస్టర్‌వి రెండు చాలు. ఒకటి ఉతికితే ఒకటి.

శీనయ్య: ఇన్నేళ్లూ కాటనే కట్టుకోమని నా ప్రాణం తీశావు!

పద్మ: అది నెల్లూరికి. మీరు పోయేది 3,636 మీటర్ల ఎత్తుకి.

శీనయ్య: అయితే మంచి చలికోటు కొంటా.

పద్మ: మనకి చలికాలమంటే ఫ్యాను ఒక నంబరు తగ్గించడమేగా! ఐదు రోజుల ముచ్చటకి అద్దె కోటు చాలు. డబ్బులు కాళ్లకి పెట్టండి. ఆ బూట్లు ఎప్పుడు కొన్నారు?

శీనయ్య: పొద్దున్నే, తొమ్మిదికి. రాహుకాలం రాకముందే.

పద్మ: తొడుక్కుని మేడ మెట్లు దిగండి.

(శీనయ్య దిగాడు. చాలా హుందాగా దిగాడు.)

పద్మ: బొటనవేలు ముందు తగులుతోందా?

శీనయ్య: లేదే!

పద్మ: అబద్ధం. మెట్టు మెట్టుకీ మీ మొహం చూస్తానే ఉన్నా. సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది, నడిచే కొద్దీ ఇంకా ఉబ్బుతుంది. కొండ దిగేటప్పుడు గోళ్లు నల్లబడిపోతాయి. ఆరింటికి ట్రంకు రోడ్డుకి పోయి, ఆ ఉన్ని మేజోళ్లు తొడుక్కుని, ఒక నంబరు పెద్దవి తెచ్చుకోండి. వాటితో నెల రోజులు పెన్నా గట్టు మీద తిరగండి. పొక్కులేవో ఇక్కడే రానీండి.

(గంట తర్వాత మళ్లీ తూకం. సరిగ్గా 78. శీనయ్య మురిసిపోయే లోపు పద్మ వంటింట్లోంచి ఒక పొట్లం తెచ్చి బ్యాగు పై అరలో దూర్చింది.)

శీనయ్య: ఏందది?

పద్మ: గోంగూర పచ్చడి. సీసా బరువని కవర్లో కట్టా. 300 గ్రాములే.

శీనయ్య: ఐదో వంతు దాటిపోయింది! ఇప్పటిదాకా నా బనీన్లు పీకిందెవరు?

పద్మ: లెక్క నాకూ వచ్చు. మీరు కిలోన్నర లావెక్కితే సరిపోతుంది. రండి, నిన్నటి చేపల పులుసు ఉంది.