నేల మీది హక్కును గీసినవాళ్లు

ఆస్ట్రేలియా ఆదివాసీ కళకు ఇది మంచి కాలం. 2020లో విన్సెంట్ నమత్జీరా ఆ దేశంలో వ్యక్తుల చిత్తరువులకిచ్చే పేరున్న ఆర్చిబాల్డ్ బహుమతి గెలిచిన తొలి ఆదివాసీ చిత్రకారుడయ్యారు. 2024లో ఆర్చీ మూర్ వెనిస్‌లో జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో గోల్డెన్ లయన్ బహుమతి అందుకున్నారు. ఆ రంగులను మెచ్చుకునేవాళ్లలో ఎక్కువమందికి పట్టని సంగతి ఒకటుంది: ఆ చిత్రాల్లో చాలావాటిలో ఉన్నది భూమి దస్తావేజు.

1997లో గ్రేట్ శాండీ ఎడారికి చెందిన న్గురారా ప్రజలు భూమి హక్కు కోసం ట్రిబ్యునల్ ముందు 8 మీటర్లు, 10 మీటర్ల కొలతలున్న పెద్ద కాన్వాసు పరిచారు. దాని నిండా నీటిగుంటలు, ఇసుక దిబ్బలు, పూర్వీకులు నడిచిన దారులు. ఒక్కొక్కరూ తాము గీసిన చోట నిలబడి, సొంత భాషలో సాక్ష్యం చెప్పారు. పదేళ్లకు, 2007లో, 70 వేల చదరపు కిలోమీటర్లకు పైగా నేలపై వాళ్ల హక్కును కోర్టు గుర్తించింది! అలాంటి చోట పెద్దల పక్కన కూర్చుని కుంచె పట్టే కుర్రాడు ఏ గుంట ఎవరిదో, అక్కడికి ఎటు నడవాలో కూడా నేర్చుకుంటాడు. ఆస్తి చేతులు మారేది అక్కడే.

కళను కళగా చూడండి, రాజకీయం అంటగట్టకండి అంటారు కొందరు. అమ్మకంతో వాళ్లకు కూడు దొరుకుతోంది కదా అనీ అంటారు. కూడు ముఖ్యమే. కానీ 1963లో ఉత్తర ఆస్ట్రేలియాలోని యిర్కాలాలో ఉండే యోల్ంగు ఆదివాసీలు బాక్సైట్ తవ్వకాలకు ఎదురుతిరిగి, తమ వంశాల చిత్రాలు గీసిన చెట్టుబెరడు మీద అర్జీ అతికించి పార్లమెంటుకు పంపారు. రాజకీయాన్ని బొమ్మలోకి తెచ్చింది విమర్శకులు కాదు, గీసినవాళ్లే.

బాక్సైట్ అంటే మన విశాఖ మన్యం గుర్తుకు రాక మానదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గనులను ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు సమతా తీర్పు చెప్పిందీ 1997లోనే. సవరలు దేవతల కోసం, పితరుల కోసం ఇంటి గోడ మీద వేసే బొమ్మలను మనం ఎగ్జిబిషన్లో కొని ఫ్రేము కట్టించుకుంటాం. వాళ్ల పోడు పట్టా అర్జీ మాత్రం కాగితం లేదన్న మాటతో వెనక్కి వస్తుంది. అటవీ హక్కుల చట్టం నిబంధనలు పెద్దల వాంగ్మూలాన్నీ, పవిత్ర స్థలాలనూ సాక్ష్యంగా ఒప్పుకుంటాయి. అలాంటప్పుడు కొండ, వాగు, దేవత గుడి చూపించే బొమ్మను గ్రామసభ అర్జీకి జతచేస్తే తీసుకోవడానికి అడ్డేమిటి? సీతంపేట, పాడేరుల్లోని గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) రేపే ఆ పని మొదలుపెట్టవచ్చు.