మేఘాలలో మకాం వేసిన ధూళికణం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ధూళికణం గారి దివ్య సముఖమునకు,

తాము లేనిదే వాన లేదన్న తమరి గొప్పను కాదనడానికి ఈ లేఖ రాయడం లేదు. బొత్తిగా కణమన్నది లేని గాలిలో ఆవిరి తనంతట తాను చుక్కగా మారాలంటే తేమ కొన్ని వందల శాతానికి పెరగాలి; తమరుంటే నూటిని పిసరంత దాటినా చాలు. 19వ శతాబ్దం చివర్లో స్కాట్లండ్ శాస్త్రవేత్త జాన్ ఐట్కెన్ తమరిని లెక్కపెట్టే పరికరం తయారు చేసిన నాటి నుంచి ఈ పలుకుబడి జగద్విదితమే. ఉప్పు రేణువుగా వచ్చినా, పొగలోని గంధకం నుంచి పుట్టే సల్ఫేటుగా వచ్చినా ఆవిరి తమరినే ఆశ్రయిస్తుంది.

మా మొరంతా తమరి బంధుగణం గురించి. మేఘానికి దక్కే నీరు ఇంతేనని తెలిసి కూడా, పొగ వెంట తమవాళ్లు వేలాదిగా దిగబడి తలా కాస్త పంచుకుంటే, ఏ చుక్కా ఎదగదు. చుక్క వ్యాసార్ధం దాదాపు 14 మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చేరితే గానీ పక్కవాటిని ఢీకొని కలుపుకోవడం ఊపందుకోదు. 2 మిల్లీమీటర్ల చినుకు ఒక్కటి తయారవడానికి మామూలు మేఘబిందువులు సుమారు పది లక్షలు ఏకం కావాలి. పదిమందిలో పాము చావదన్న సామెత తమరి సభను చూసే పుట్టిందేమో! అంతెత్తు ఉరుముల మేఘాలలో లెక్క వేరనీ, అక్కడ తమరి రద్దీ వానను పెంచనూ వచ్చుననీ కొందరు శాస్త్రవేత్తలు వాదిస్తున్నారు. ఆ తగవు ఇంకా తెగలేదు. పల్చని, వెచ్చని మేఘాల విషయంలో మాత్రం తమరి తరఫున వకాల్తా పుచ్చుకునేవారు తక్కువ.

పైగా, కురవని ఆ మేఘానికి తెలుపెక్కువ. బిందువులు చిన్నవై, సంఖ్యలో పెరిగితే మేఘం ఎండను మరింతగా తిప్పికొడుతుందని 1970లలో శాస్త్రవేత్త షాన్ ట్వోమీ వివరించారు; ఓడల పొగ సముద్రపు మేఘాలపై గీసే తెల్లని చారలు ఉపగ్రహ చిత్రాలలో కనబడుతూనే ఉంటాయి. పని తగ్గేకొద్దీ వన్నె పెరగడం పెద్దల లక్షణం కాబోలు. తమరి నల్ల దాయాది మసి గారు ఇంకో ఆకు ఎక్కువే చదివారు: ఎండను తాగి, చుట్టూ గాలిని వేడెక్కించి, ఆశ్రయమిచ్చిన మేఘాన్నే ఆవిరి చేయగలరు.

పోనీ తమరిని వెళ్లగొడదామా అంటే, 2020లో అంతర్జాతీయ నౌకాయాన సంస్థ ఓడల ఇంధనంలో గంధకం పరిమితిని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి కుదించగానే ఆ చారలు తగ్గాయి, వాటితోపాటు అవి తిప్పికొట్టే ఎండా తగ్గింది. ఊపిరితిత్తులకు మేలే జరిగింది. సముద్రానికి మాత్రం వేడి తగిలింది. కనుక తమరిపై ఈ అర్జీని ఏ శాఖకు పంపుకోవాలో తమరే సెలవివ్వగలరు.

ఇట్లు,
తమ విధేయుడు